డాక్టర్ హూ 1963 సీజన్: మొత్తం 42 ఎపిసోడ్లూ చూడాలా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. డాక్టర్ హూ అంటే కాలంలో ప్రయాణించే డాక్టర్ అనే ఆయన కథలతో బీబీసీ తీసిన సీరియల్. 2005 తర్వాత వచ్చిన కొత్తది మొత్తం చూసేశారు, బాగా నచ్చింది, అసలు మొదలు ఎలా ఉందో చూద్దామని 1963 నాటి మొదటి సీజన్ పెట్టుకున్నారు. మొదటి ఎపిసోడ్ బాగుంది గానీ తర్వాత ఆదిమానవుల గొడవ దగ్గర నిద్రొచ్చేసింది. మొత్తం చూడాలా, ఏవి వదిలేయొచ్చు, అందరూ గొప్పదంటున్నారు నాకెందుకు ఎక్కట్లేదు అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. చూడండి, కానీ 42 అక్కర్లేదు, 14 చాలు. రోజుకి ఒకటి, మహా అయితే రెండు. ఏవంటే: మొట్టమొదటి ఎపిసోడ్ ఒక్కటి, లోహపు డొల్లల్లో ఉండే రాక్షసులు డాలెక్‌ల కథ ఏడు, దాని వెనకే వచ్చే రెండు ఎపిసోడ్ల చిన్న కథ, ఆ తర్వాత రెండు కథలు దాటేసి పాత మెక్సికో జాతి ఆజ్‌టెక్‌ల కథ నాలుగు. ఒక్కోటి 25 నిమిషాలు, అన్నీ కలిపినా ఆరు గంటలు కాదు. అవి ఎక్కితే మిగతావి మీరే వెతుక్కుంటారు. ఎక్కకపోతే ఇది మీకు సరిపడే సరుకు కాదు, అందులో తప్పేం లేదు.

ఇంకో జాగ్రత్త. "సీజన్ 1" అని వెతికితే మూడు వస్తాయి. 1963లో డాక్టర్ వేషంలో విలియం హార్ట్‌నెల్‌తో మొదలైనది ఒకటి, 2005లో క్రిస్టఫర్ ఎక్లస్టన్‌తో మళ్ళీ మొదలైనది ఒకటి, 2024లో షూటీ గాట్వాతో మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టినది ఇంకొకటి. మా మేనల్లుడికి పాత సీజన్ చూడరా అని చెప్తే వారం తర్వాత ఫోన్ చేసి "మామయ్యా, బ్లాక్ అండ్ వైట్ అన్నావు, ఇందులో రంగులే కాదు పాట కూడా పెట్టారేంటి" అన్నాడు. 2024ది చూసేశాడు పాపం.

ఇక మీకెందుకు ఎక్కట్లేదు అన్న సంగతి. నేను పాతికేళ్ళకి పైగా టీవీ స్టూడియోలో విజన్ మిక్సర్‌గా పనిచేశాను. అంటే మూడు నాలుగు కెమెరాల బొమ్మలు ఎదురుగా మానిటర్ల మీద పెట్టుకుని, ఏ క్షణాన ఏ బొమ్మ బయటికి వెళ్ళాలో ఆ బటన్ నొక్కే పని. 2011 చలికాలంలో ఇంగ్లండులో రెడింగ్‌లో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు, బయట మంచు, చేయడానికి పనేం లేదు, లైబ్రరీ నుంచి డీవీడీలు తెచ్చిపెట్టింది. మొదటి రోజు నాకూ మీలాగే ఉంది. రెండో రోజు ఒక సీన్‌లో కెమెరా, పైనుంచి వేలాడే మైకు కడ్డీ (బూమ్) నీడ తప్పించుకుంటూ పక్కకి జరగడం చూసి ఠక్కున వెలిగింది, ఓహో ఇది మా స్టూడియో నాటకం లాంటిదేనని. అక్కణ్ణుంచి నా చూపే మారిపోయింది.

సంగతేంటంటే, లండన్‌లో లైమ్ గ్రోవ్ అని బీబీసీ పాత స్టూడియో ఉండేది. సోమవారం నుంచి గురువారం దాకా ఏదో హాల్లో రిహార్సల్, శుక్రవారం స్టూడియోలోకి రావడం, పగలంతా కెమెరాలతో సరిచూసుకోవడం, రాత్రికి ఎపిసోడ్ మొత్తం దాదాపు ఏకబిగిన రికార్డు చేసేయడం. అప్పటి వీడియో టేపుని ఎడిట్ చేయాలంటే నిజంగానే బ్లేడుతో కోసి అతికించాలి, కోసిన టేపు మళ్ళీ వాడటానికి పనికిరాదు, కాబట్టి తప్పనిసరైతే తప్ప ఆపేవాళ్ళు కాదు. ఎపిసోడ్‌కి సుమారు 2,300 పౌండ్ల బడ్జెట్. ఇలా ఏడాదిలో 42. ఇప్పటి సీజన్ అంటే ఎనిమిదో పదో ఎపిసోడ్లు కదా, అదీ తేడా.

అందుకే మాటలు తడబడితే తడబడినట్టే ఉండిపోయాయి. హార్ట్‌నెల్ అప్పటికి 55 ఏళ్ళ మనిషి, వారం వారం పేజీలకి పేజీలు డైలాగులు బట్టీపట్టాలి. డాలెక్‌ల కథలో రేడియేషన్ మందులు అనబోయి రేడియేషన్ గ్లవ్స్ అని, మళ్ళీ సర్దుకుంటాడు. ఇంకో కథలో అయితే "నీ కాళ్ళకి షూస్ ఉండుంటే, బాబూ, ఆవిడవి ఆవిడకి అప్పివ్వగలిగేవాడివి" అంటాడు, దానికి అర్థం ఆయనకే తెలియాలి. సైన్స్ మాస్టారు చెస్టర్టన్ పేరుని రకరకాలుగా ఖూనీ చేస్తుంటాడు. కొందరు వీటిని చూసి నవ్వుకుంటారు. నేను మాత్రం ఎదుటి నటుల ముఖాలు చూస్తాను, పెద్దాయన దారి తప్పగానే టీచర్ల వేషాలు వేసిన విలియం రస్సెల్, జాక్వెలిన్ హిల్ ఎంత నెమ్మదిగా మళ్ళీ దారిలో పెడతారో. సురభి నాటకాలు చూసినవాళ్ళకి ఈ ఒడుపు వెంటనే తెలుస్తుంది.

కాబట్టి సినిమా కళ్ళతో చూస్తే చతికిలబడుతుంది, నాటకం చూస్తున్నట్టు కూర్చుంటే లేస్తుంది. వరసగా నాలుగైదు చూడటం మాత్రం చాలా తప్పు. శనివారం సాయంత్రం ఒకటి, మళ్ళీ వారం దాకా ఎదురుచూపు, ఆ లెక్కన రాసిన కథలవి. ప్రతి ఎపిసోడ్ మొదట్లో పోయినవారం చివరి నిమిషం మళ్ళీ వస్తుంది, మధ్యలో ఎవరో ఒకరు జరిగిందంతా ఇంకోసారి చెప్తారు. వారానికి ఒకటి చూసేవాడికి అది సాయం, ఒకే రాత్రి అయిదు చూసేవాడికి నస.

ఇప్పుడు ఒక్కొక్కటీ.

మొదటి ఎపిసోడ్. మీరు చూశారు కాబట్టి కథ చెప్పను. ఈసారి మళ్ళీ చూస్తే రెండు గమనించండి. ఒకటి, డాక్టర్ వచ్చేది సగం ఎపిసోడ్ అయ్యాక. అప్పటిదాకా అది ఇద్దరు టీచర్లు తమ క్లాసులో వింత పిల్ల ఇల్లు ఎక్కడో కనుక్కోవడానికి రాత్రిపూట పాత సామాన్ల యార్డుకి వెళ్ళే కథ, అంతే. రెండు, ఆ పిల్ల, డాక్టర్ మనవరాలు సూసన్, క్లాసులో ఒక తప్పు చెప్తుంది, డబ్బు పదుల లెక్కలో ఉంటుందనుకుని నాలుక కరుచుకుంటుంది. అప్పటికి బ్రిటన్‌లో పన్నెండు పెన్నీలకి షిల్లింగు, ఇరవై షిల్లింగులకి పౌండు. పదుల లెక్క నిజంగా వచ్చింది 1971లో. రాసినవాళ్ళు ఊహించి రాసిన చిన్న ముక్క, ఎనిమిదేళ్ళకి నిజమైంది.

దీని డైరెక్టర్ లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్, అప్పటికి 24 ఏళ్ళు, ఇంగ్లీషులో రాసిన మన రచయిత్రి అతియా హుసేన్ కొడుకు. నిర్మాత వెరిటీ లాంబర్ట్, 27 ఏళ్ళ అమ్మాయి. బీబీసీ డ్రామాలో అప్పటికి ఆడ నిర్మాత ఆవిడొక్కతే. ఇద్దరికీ ఇచ్చింది పాతబడిన స్టూడియో, పిల్లల కార్యక్రమం అన్న చిన్నచూపు. మొదటి ఎపిసోడ్ సెప్టెంబరులో తీస్తే వాళ్ళని ఈ పనిలో పెట్టిన బీబీసీ డ్రామా అధిపతి, కెనడా ఆయన, సిడ్నీ న్యూమన్, బాలేదు మళ్ళీ తీయమన్నాడు. అక్టోబరులో మళ్ళీ తీసి 1963 నవంబరు 23న వేశారు. ముందురోజే అమెరికాలో కెనెడీ హత్య జరిగింది, ఎవరి దృష్టీ టీవీ కథల మీద లేదు. వారం తర్వాత రెండో ఎపిసోడ్‌కి ముందు మొదటిది మళ్ళీ వేయాల్సొచ్చింది. ఆ పక్కన పెట్టిన సెప్టెంబరు వెర్షన్ కూడా డీవీడీలో ఉంటుంది. పొరపాటున అదే అసలుదనుకుని చూడొద్దు, అందులో డాక్టర్ మరీ కటువుగా ఉంటాడు, వాళ్ళు కాలంలో ప్రయాణించే యంత్రం టార్డిస్ తలుపులు పడకుండా దబదబా కొట్టుకుంటుంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం డైరెక్షన్ నేర్చుకునేవాళ్ళకి మంచి పాఠం.

టైటిల్స్ గురించి ఒక్క ముక్క, ఇది నా వృత్తి కాబట్టి ఆగలేను. ఆ సుడులు తిరిగే తెల్ల మేఘాలు ఉన్నాయి చూశారా, అవి కెమెరాని దాని సొంత మానిటర్ మీదికి తిప్పితే వచ్చేవి. బొమ్మలో బొమ్మ, దాంట్లో మళ్ళీ బొమ్మ, అలా చివరికి పొగలా సాగిపోతుంది. మేమూ రికార్డింగుకి ముందు ఖాళీ దొరికితే ఇదే ఆట ఆడేవాళ్ళం, మానిటర్ ముందు అగ్గిపుల్ల గీస్తే స్క్రీన్ అంతా పూలు పూసేవి, ఇంజినీర్ వచ్చి ట్యూబు కాలిపోతుందని తిట్టేవాడు. మేం ఆడి వదిలేశాం, వాళ్ళు దాన్నే టైటిల్ చేశారు. ఇక ఆ సంగీతం రాన్ గ్రైనర్ కట్టిన వరస. దాన్ని డెలియా డార్బీషైర్ అనే ఆవిడ ఒక్కో స్వరాన్ని టేపు మీద విడిగా పుట్టించి, ముక్కలు కోసి, అతికించి తయారు చేసింది, సింథసైజర్ లేదు ఏం లేదు. టార్డిస్ కదిలే చప్పుడు ఇంటి తాళం చెవితో పాత పియానో తీగల మీద గీకితే వచ్చింది.

ఆదిమానవుల మూడు ఎపిసోడ్లు. మీకు నిద్రొచ్చిన చోట. నాకూ వచ్చింది. నిప్పు పుట్టించేవాడే గూడెం నాయకుడు, ఇద్దరికి పోటీ, మధ్యలో మనవాళ్ళు బందీలు, ఇంతే కథ. వదిలేయండి. కానీ మూడో ఎపిసోడ్‌లో ఒక్క సీన్ చూడండి. గాయపడిన ఆదిమానవుణ్ణి మోసుకెళ్ళే ఏర్పాట్లలో ఉంటారు, వాడివల్ల ఆలస్యం అవుతోందని డాక్టర్ పక్కకెళ్ళి ఒక రాయి తీసుకుంటాడు. మాస్టారు చెయ్యి పట్టుకుని ఏం చేస్తున్నావని అడిగితే, దారి గీసి చూపించమందామనుకున్నా అంటాడు. అబద్ధం అని మనకి తెలుసు, మాస్టారికీ తెలుసు. మీరు కొత్త సీరీస్‌లో చూసిన దయగల డాక్టర్ ఇక్కడ లేడు. ఇక్కడున్నది తన ప్రాణం, తన మనవరాలి ప్రాణం తప్ప ఇంకేం పట్టని ముసలాయన. నా లెక్కలో ఈ సీజన్ అసలు కథ ఈ ముసలాయన్ని ఇద్దరు బడిపంతుళ్ళు మనిషిని చేయడం. ఈ ఒక్క తాడు పట్టుకుంటే మిగతా 41 ఎపిసోడ్లూ దానికే వేలాడుతూ కనిపిస్తాయి.

డాలెక్‌ల కథ, ఏడు ఎపిసోడ్లు. యుద్ధంలో మాడిపోయిన గ్రహం, స్కారో. దూరంగా ఒక నగరం కనిపిస్తుంది. అందరూ వెళ్ళిపోదామంటే డాక్టర్‌కి నగరం చూడాలని యావ. టార్డిస్‌లో ఒక పరికరానికి పాదరసం కావాలి, అది నగరంలోనే దొరుకుతుందేమో అని అబద్ధమాడి అందర్నీ తీసుకెళ్తాడు. దానివల్ల అందరికీ రేడియేషన్ తగులుతుంది. చూశారా, ఇక్కడ కూడా తప్పు ఆయనదే.

మొదటి ఎపిసోడ్ చివర హిస్టరీ టీచర్ బార్బరా గోడకి ఆనుకుని కేకపెడుతుంది, ఎదురుగా మనకి కనిపించేది ఒక్క చెయ్యి మాత్రమే, అదీ సింకు మూసుకుపోతే కొట్టే రబ్బరు పంపు. వారం రోజులు ఇంగ్లండు పిల్లలు దాని వెనక ఏముందా అని ఆలోచించారు. కథ మొదలైనప్పుడు 69 లక్షల మంది చూశారు, ఏడో వారానికి కోటీ నాలుగు లక్షలు. మొట్టమొదటి ఎపిసోడ్ చూసింది 44 లక్షలే అని గుర్తుపెట్టుకోండి. అసలు న్యూమన్ మొదట్లోనే చెప్పాడట, గుడ్లు మిటకరించే రాక్షసులు మాత్రం వద్దని. డాలెక్‌లని చూసి లాంబర్ట్ మీద మండిపడ్డాడు. ఆ రాక్షసులే కార్యక్రమాన్ని నిలబెట్టారు.

వాటిని డిజైన్ చేసింది బీబీసీ ఉద్యోగి రేమండ్ క్యూసిక్. రాసిన టెర్రీ నేషన్‌కి హక్కుల్లో వాటా ఉంది కాబట్టి బొమ్మలు అమ్ముడైనకొద్దీ డబ్బే డబ్బు, క్యూసిక్ జీతగాడు కాబట్టి బోనస్‌గా వచ్చింది వంద పౌండ్లట. స్టూడియోల్లో పనిచేసినవాళ్ళెవరికీ ఇది వింతగా అనిపించదు. చేయించినవి నాలుగే డాలెక్‌లు. గుంపు కనపడాలంటే నిలువెత్తు ఫొటోలు అట్టలకి అతికించి వెనక నిలబెట్టారు. ఆగి చూస్తే పట్టేయొచ్చు, కదలవు. మా మనవడికి తొమ్మిదేళ్ళప్పుడు చూపించా, వాడు అట్ట డాలెక్‌లని లెక్కపెడుతూ కూర్చున్నాడు, అయినా రాత్రి దీపం తీయనివ్వలేదు.

ఈ కథ మొదటి ఎపిసోడ్ కూడా రెండుసార్లు తీశారు. కంట్రోల్ రూం నుంచి ఫ్లోర్ మీదున్నవాళ్ళ హెడ్‌ఫోన్లలోకి వెళ్ళే సూచనలు సౌండ్ ట్రాక్‌లో పడిపోయాయి, ఎపిసోడ్ పనికిరాకుండా పోయింది. ఇది చదివి నేను గట్టిగా నవ్వాను. మా దగ్గర ఒక పౌరాణిక నాటకం రికార్డు చేస్తుంటే, ద్రౌపది ఏడుస్తున్న చోట సన్నగా "రెండో కెమెరా, కొంచెం ఎడమకి రా నాన్నా" అని వినపడింది. ఆ గొంతు మా డైరెక్టర్‌ది. మళ్ళీ తీసే టైం లేదు, అలాగే ప్రసారమైంది.

ముందే చెప్తున్నాను, అయిదూ ఆరూ ఎపిసోడ్లు సాగుతాయి. చిత్తడి నేల, గుహ, గుహలో ఒక అగాధం, దాన్ని ఒకరి తర్వాత ఒకరు దూకి దాటడం, మనకి ఓపిక పోతుంది. అక్కడ టీ పెట్టుకోండి. కానీ ఆ గ్రహం మీదే ఉండే, యుద్ధమే వద్దనే థాల్ జాతిని మాస్టారు రెచ్చగొట్టి పోరాటానికి దించే సీన్ వదలొద్దు. శాంతిగా ఉండేవాళ్ళని, అదీ మన అవసరం కోసం, యుద్ధానికి ఒప్పించడం న్యాయమా అని పాత్రలే వాదించుకుంటాయి. రెండో ప్రపంచయుద్ధం ముగిసి అప్పటికి 18 ఏళ్ళు, అది చూసినవాళ్ళే రాశారు, చూసినవాళ్ళే ఇంట్లో కూర్చుని విన్నారు.

తర్వాతి రెండు ఎపిసోడ్లు, ది ఎడ్జ్ ఆఫ్ డిస్ట్రక్షన్. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, చాలామంది ఒప్పుకోరు. మొదట బీబీసీ 13 ఎపిసోడ్లకే మాటిచ్చింది. నాలుగూ ఏడూ పదకొండు, ఇంకో రెండు కావాలి, డబ్బు లేదు. కాబట్టి కొత్త సెట్ లేకుండా, కొత్త నటులు లేకుండా, ఆ నలుగురితోనే టార్డిస్ లోపలే నడిచే కథ రాశారు. గడియారం కరిగిపోతుంది, తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి, ఒకరినొకరు అనుమానిస్తారు. సూసన్ కత్తెర పట్టుకుని మంచాన్ని పొడుస్తుంది, పిల్లల కార్యక్రమంలో ఇదేంటని గొడవైంది కూడా. డాక్టర్ టీచర్ల మీదే నేరం మోపి, బయటికి తోసేస్తానంటాడు. అప్పుడు బార్బరా తిరగబడుతుంది. మీ ప్రాణాలు రెండుసార్లు కాపాడింది మేం, మీరు మోకాళ్ళ మీద పడి మాకు కృతజ్ఞత చెప్పాలి అని ముఖాన అనేస్తుంది. చివరికి తేలేదేంటంటే ఒక బటన్ కింద స్ప్రింగ్ ఇరుక్కుపోయింది, అంతే. ఆ బటన్ పక్కన స్కెచ్ పెన్నుతో రాసిన పేరు కనపడుతుంది, నటుడికి గుర్తుండటానికి రాసినట్టుంది. సమాధానం తుస్సుమంటుందని చాలామంది తిడతారు. నాకు మాత్రం అంత భయం వెనక ఇరుక్కున్న స్ప్రింగ్ ఉండటం భలే నచ్చింది, స్టూడియోలో మా కష్టాలన్నీ అలాంటివే. ఆఖర్న ఆయన బార్బరా దగ్గరికొచ్చి క్షమాపణ చెప్పలేక చెప్తాడు, ఆ మూడు నిమిషాల్లో హార్ట్‌నెల్ ఎంత నటుడో తెలుస్తుంది.

మార్కో పోలో, ఏడు ఎపిసోడ్లు. మీకు దీన్ని జాబితాలో చెప్పకపోవడానికి కారణం, ఇది లేదు. ఏడుకి ఏడూ పోయాయి. టేపులు ఖరీదు, చెరిపేసి మళ్ళీ వాడేవాళ్ళు. విదేశాలకి అమ్మడానికి ఫిల్మ్ మీదికి దింపిన కాపీలు కొన్ని మిగిలాయి కాబట్టి మిగతా కథలు దొరికాయి, ఇది దొరకలేదు. ఈ సీజన్‌లో మొత్తం తొమ్మిది ఎపిసోడ్లు లేవు, ఇవి ఏడు, చివరి కథలో రెండు. వాళ్ళని తిట్టడానికి నాకు నోరు రాదు. మేమూ అదే పని చేశాం. ఒక పెద్ద హరికథా విద్వాంసుడి గంట కార్యక్రమం మీద మర్నాడు వ్యవసాయ చర్చ రికార్డు చేశాం. ఆ టేపు పెట్టెమీద పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాసింది నా చేత్తోనే.

అదృష్టం కొద్దీ అప్పట్లో టీవీ దగ్గర టేప్ రికార్డర్ పెట్టుకుని ఇంట్లో రికార్డు చేసుకున్న అభిమానుల వల్ల ధ్వని మొత్తం బతికింది. స్క్రీన్ మీంచి తీసిన ఫొటోలు కూడా ఉన్నాయి, నాలుగో ఎపిసోడ్‌వి తప్ప. వాటితో చేసిన అరగంట కుదింపు డీవీడీలో ఉంటుంది, అది చూడండి. ఇందులో డాక్టర్ కుబ్లాయ్ ఖాన్‌తో పాచికల ఆట ఆడి ఏనుగులు, గుర్రాలు, బర్మా ఏడాది వ్యాపారం అంతా గెలుచుకుని, ఆఖరికి వాటన్నిటినీ టార్డిస్ కోసం ఒడ్డి ఓడిపోతాడు. ధర్మరాజు గుర్తొస్తాడు. పిల్లలకి చదువు చెప్పాలన్నది మొదట్లో ఈ కార్యక్రమం ఉద్దేశం, అందుకే ఒక టీచర్ సైన్స్, ఒక టీచర్ హిస్టరీ. ఎడారిలో నీళ్ళు అయిపోతే టార్డిస్ లోపలి గోడకి రాత్రి చలికి పట్టిన చెమట తుడిచి తాగుతారు, పాఠం పాఠంలా అనిపించదు.

మనవాళ్ళకి ఇందులో ఇంకో రుచి ఉంది. కథ జరిగేది 1289లో. చందుపట్ల శాసనం ప్రకారం మన రుద్రమదేవి చనిపోయింది కూడా 1289లోనే. అసలు మార్కో పోలో తన యాత్రల్లో చీరాల దగ్గరి మోటుపల్లి గురించి, అక్కడి వజ్రాల గురించి, సాలెగూడులాంటి సన్నని బట్టల గురించి, రాజ్యం చక్కగా ఏలే రాణి గురించి చెప్పాడు కదా, ఆవిణ్ణి రాజు విధవ అని పొరబడ్డాడు గానీ ఆవిడ రుద్రమే అంటారు చరిత్రకారులు. హిస్టరీ లెక్చరర్‌గా రిటైరైన మా స్నేహితుడొకాయన ఈ ఆడియో విని, ఇంకాస్త దక్షిణానికి దింపుంటే మన ఊరొచ్చేది కదయ్యా అని తెగ బాధపడ్డాడు.

ఆజ్‌టెక్‌లు, నాలుగు ఎపిసోడ్లు. టైం తక్కువుంటే ఇదొక్కటే చూడండి. టార్డిస్ ఒక సమాధిలో దిగుతుంది, బార్బరా అక్కడున్న కంకణం తొడుక్కుంటే ఆమెని దేవతనుకుంటారు. హిస్టరీ టీచర్ కాబట్టి ఆవిడకి తెలుసు, తర్వాత స్పానిష్‌వాళ్ళొచ్చి ఈ నాగరికతని తుడిచేస్తారని. నరబలి ఆపేస్తే వీళ్ళు బతికిపోతారేమో అనుకుంటుంది. చరిత్రని ఒక్క వాక్యం కూడా మార్చలేవు అని డాక్టర్ అరుస్తాడు. వద్దన్నా వినకుండా ఆవిడ నరబలి ఆపమని ఆజ్ఞ ఇస్తుంది. బలి కావాల్సినవాడు, బతికించినందుకు సంతోషించకుండా, నా గౌరవం తీశావని తనే దూకి చచ్చిపోతాడు. ఆ దెబ్బకి బార్బరా ముఖం చూడాలి. ఇక్కణ్ణుంచి పూజారి ట్లోటోక్సల్ ఆవిడని అబద్ధపు దేవతని నిరూపించడానికి కాచుక్కూర్చుంటాడు.

ఇంకోపక్క డాక్టర్ ఒక పెద్దావిడతో కబుర్లాడుతూ కోకో కాచి ఇస్తాడు, అక్కడి ఆచారంలో అది పెళ్ళికి ఒప్పుకున్నట్టని తర్వాత తెలుస్తుంది. నవ్వొస్తుంది గానీ చివర ఆవిడిచ్చిన నగని సమాధి మీద పెట్టేసి వెళ్ళబోయి, ఆగి, వెనక్కొచ్చి తీసుకుంటాడు. డైలాగ్ లేదు. మూడో ఎపిసోడ్‌లో రాయి పట్టుకున్న చెయ్యి అదే అనుకోండి, అప్పటికి ఎంత దూరం వచ్చాడో.

ఇందులో నాకు నచ్చనివి కూడా చెప్పాలి. వెనక కొండలు, ఆకాశం గుడ్డమీద బొమ్మలని ఇట్టే తెలిసిపోతుంది, కుస్తీలు మరీ మెల్లగా ఉంటాయి. ఆజ్‌టెక్‌లందరూ రంగు పూసుకున్న ఇంగ్లీషువాళ్ళు, మార్కో పోలోలో మంగోలులూ అంతే. అప్పటి బీబీసీలో అది మామూలు, ఇప్పుడు చూస్తే ఇబ్బందిగా ఉంటుంది, ఉండాలి కూడా.

మిగతా మూడూ గబగబా. కీస్ ఆఫ్ మారినస్ ఆరు ఎపిసోడ్లు అచ్చం మన పాత జానపద సినిమా: ఊరికొక గండం, గండానికొక తాళం చెవి, అన్నీ తెస్తేగానీ పని జరగదు. హార్ట్‌నెల్ సెలవు మీద వెళ్ళాడు కాబట్టి మధ్యలో రెండు ఎపిసోడ్లలో కనపడడు. ఏడాది పొడుగునా తీస్తుంటే నటులకి సెలవులు ఇలాగే సర్దేవాళ్ళు. చివర్లో కోర్టు కేసుంది, అది పర్లేదు. సెన్సరైట్స్ మొదటి రెండు ఎపిసోడ్లు భయంగా బాగుంటాయి, తర్వాత ఆ పళ్ళెంలాంటి గుండ్రటి పాదాల జీవుల రాజకీయాలు మొదలై ప్రాణం తీస్తాయి. అందరూ ఒకేలా ఉంటారు కాబట్టి భుజం మీది పట్టీ మార్చుకుంటే ఎవరు ఎవరో తెలియదు, విలన్ చేసే కుట్ర కూడా అదే, నన్ను అడిగితే ఆ కుట్ర రాసినవాడికి బడ్జెట్ తెలుసు. ఆఖరిది ఫ్రెంచ్ విప్లవం కథ, రెయిన్ ఆఫ్ టెర్రర్, ఆరు ఎపిసోడ్లు. 14 చూశాక ఇంకా ఆకలుంటే ముందు దీనికే వెళ్ళండి. నాలుగూ అయిదూ లేవు, 2013 డీవీడీలో వాటిని యానిమేషన్‌గా చేసి పెట్టారు, ముఖాలు మరీ దగ్గరగా, కట్‌లు మరీ జోరుగా ఉంటాయి, నాకైతే కళ్ళు మూసుకుని వింటేనే బాగుంది.

వెతికేటప్పుడు పనికొచ్చే రెండు సంగతులు. అప్పట్లో కథకి కాకుండా ఒక్కో ఎపిసోడ్‌కి విడిగా పేరు వేసేవాళ్ళు, కాబట్టి డాలెక్‌ల కథ మొదటి ఎపిసోడ్ స్క్రీన్ మీద "ది డెడ్ ప్లానెట్" అని ఉంటుంది, వేరే ఏదో పెట్టామని కంగారుపడొద్దు. ఆ కథనే కొందరు "ది మ్యూటెంట్స్" అని కూడా రాస్తారు. 2023లో దాన్నే రంగులేసి 75 నిమిషాలకి కుదించి వేశారు. మీ ఇంట్లో పిల్లలుంటే అది పెట్టండి, మీరు మాత్రం అసలుది చూడండి. అదే ఏడాది బీబీసీ పాత ఎపిసోడ్లన్నీ తన ఆన్‌లైన్ సర్వీసులో పెట్టినప్పుడు మొదటి నాలుగు మాత్రం పెట్టలేకపోయింది, రచయిత వారసుల వైపు నుంచి హక్కుల పేచీ. ఎక్కడైనా సీజన్ రెండో కథ నుంచి మొదలైతే మీ నెట్ తప్పు కాదు. మీరు మొదటిది ఎలాగూ చూసేశారు కాబట్టి ఈ రాత్రి నేరుగా డెడ్ ప్లానెట్ పెట్టుకోండి, ఒక్కటే, ఆ రబ్బరు పంపు కనపడగానే టీవీ కట్టేయండి.